మహారాజుగారి బిళ్ళా, నూరు ముడుల తాడూ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి దుకాణం పెట్టాలన్న బుద్ధి పుట్టింది. రాజులకు పుట్టే బుద్ధుల్లో ఇది కాస్త కొత్తది. మామూలుగా అయితే పక్క రాజ్యం మీద దండెత్తుదామనో, ఇంకో పెళ్ళి చేసుకుందామనో పుడుతుంది. వాటితో పోలిస్తే దుకాణం నయమే కదా అని జనం మొదట్లో సంతోషించారు.

ఆ రాజ్యం పేరు గుమ్మిడిగిరి. రాజుగారి పేరు ఉద్దండరాయలు. ఆయన మనిషి పొట్టి. కాని తాను బాగా పొడగరినని ఆయన నమ్మకం. ఎదుట నిలబడేవాళ్ళంతా నడుము వంచే నిలబడేవారు కనక ఆ నమ్మకానికి ఏనాడూ భంగం కలగలేదు.

కోట సింహద్వారం పక్కనున్న ఏనుగుల శాలను ఖాళీ చేయించి, అందులో దుకాణం పెట్టించారు. ఏనుగులు పాపం చింతతోపులో ఎండకీ వానకీ నిలబడ్డాయి. దుకాణానికి 'మహారాజ మహాంగడి' అని పేరు పెట్టారు. ఉప్పు మొదలు ఉయ్యాలబల్ల దాకా అక్కడ దొరకని వస్తువు లేదు. అన్నింటికీ కాస్త ఏనుగు వాసన వేసేది, అంతే.

ఆ అంగడికి బిళ్ళ పథకం కనిపెట్టినవాడు మంత్రి కొమ్మరసు. అడిగినవాళ్ళందరికీ ఒక రాగిబిళ్ళ ఇచ్చేవారు. దాన్ని తాడుకి కట్టి మెడలో వేసుకున్నవాళ్ళు రాజుగారికి ఆప్తులు. వేసుకోనివాళ్ళు పరులు. ప్రతి సరుకుకీ రెండు ధరలు ఉండేవి, ఆప్తుల ధర ఒకటి, పరుల ధర ఒకటి. పైగా ఆప్తుడు వచ్చి ఏ సరుకు కొన్నా అతని తాడుకి ఒక గాజుపూస గుచ్చేవారు. తాడు నిండా పూసలు పడితే ఒక ఇత్తడి గరిటె ఉచితం.

ఇంక జనాన్ని పట్టడం ఎవరి తరం? గాడిదకు కూడా గతిలేనివాడు గుర్రపు నాడాలు కొన్నాడు. నున్నటి బట్టతలవాడు రెండు దువ్వెనలు కొని, ఒకటి తలగడ కింద పెట్టుకున్నాడు. ఒక పెద్దాయన ఆప్తుల ధరకి వస్తోంది కదా అని పాడెకి కావలసిన వెదురు కూడా ముందే తెచ్చి అటకమీద వేయించాడు. దానికీ ఒక పూస పడింది.

రాజుగారి కొలువులో పేరన్న అని ఒకడుండేవాడు. రాజుగారికి తాంబూలం చుట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అడపం అనేవారు. వెండి పెట్టె చంకన పెట్టుకుని సింహాసనం పక్కనే నిలబడి, ఆకు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి, చిలక చుట్టి అందిస్తూ ఉండేవాడు. పేరన్నకు చేతినేర్పు ఎంత బాగుండేదో నోటినేర్పు అంతకంటే బాగుండేది. రాజుగారు నమిలినంతసేపూ అతను మాట్లాడేవాడు.

ఒకనాడు అతను ఇంటికి వెళ్ళేసరికి వసారా నిండా జాడీలు కనిపించాయి. మూత తీసి చూస్తే ఒకదాంట్లో వాము. రెండోదాంట్లో వాము. మూడోదాంట్లోనూ వామే.

"ఇంత వాము ఎందుకు తెచ్చావే?" అని భార్య నాంచారమ్మను అడిగాడు.

"పూసల కోసం. ఉప్పూ పప్పూ అన్నీ అయిపోయాయి. కొనడానికి ఇంకేం మిగల్లేదు."

"మనింట్లో ఎవరికీ కడుపునొప్పి లేదుగా."

"ఇంత వాము ఉన్నాక రాకేం చేస్తుందిలెండి," అందామె ధీమాగా.

పేరన్న తల పట్టుకుని ఉప్పు సంగతి అడిగాడు. అంగడిలో పరుల ధర మానికకి నాలుగు కాసులు, ఆప్తులకి మూడే అని చెప్పింది. అదే ఉప్పు సంతలో రెండు కాసులే కదా అన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. సంతలో రెండు కాసులకు కొంటే రెండు కాసులు ఖర్చవుతాయట. అంగడిలో మూడు కాసులకు కొంటే ఒక కాసు లాభం వస్తుందట. ఈ లెక్క విని పేరన్న జాడీల మూతలు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టేశాడు.

ఇలా మిగిలిన కాసులన్నీ కలిపి, ఈ రోజు ప్రజలు ఇంత లాభపడ్డారని సాయంత్రం కోట బురుజు మీద దండోరా వేయించేవాడు కొమ్మరసు. ఉద్దండరాయలు మేడమీద కూర్చుని కళ్ళు మూసుకుని వినేవారు. ప్రజలు ఖర్చుపెట్టినదంతా తాను దానం చేసినట్టు ఆయనకు తోచేది. పురాణాల్లో దానవీరులుగా పేరుపడ్డవాళ్ళంతా తన ముందు పిసినారులే అనిపించి, వాళ్ళమీద జాలిపడేవారు కూడా.

ఈ మైకంలోనే ఒకనాడు ఆయన దృష్టి మంగళవారం సంత మీద పడింది.

కోట బయట మైదానంలో ప్రతి మంగళవారం సంత జరిగేది. తాను అంత దయతో అంగడి నడుపుతుంటే ఈ సంత ఇంకా ఎందుకు, జనాన్ని దోచుకోవడానికి కాకపోతే, అనుకున్నారు రాజుగారు. రాబోయే మంగళవారం నాడు సంతను ఎత్తేస్తూ ఆజ్ఞ ఇస్తామని సభలో చెప్పారు. గుమ్మిడిగిరిలో రాజాజ్ఞ మంగళవారం సభలో, అదీ రాజుగారి నోటివెంట వస్తేనే చెల్లుతుంది. వేరెవరు చదివినా చెల్లదు. అందుకని మంగళవారం దాకా ఆగారు గాని, లేకపోతే ఆ పూటే ఎత్తేసేవారు.

పేరన్నకు చెంచమ్మ అని ఒక అక్క ఉంది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ సంతలో వంకాయలూ ఆకుకూరలూ అమ్ముకుని బతుకుతోంది. తమ్ముడింట్లో ఒక పూట తినమంటే చేతులు కడుక్కునే ముందే తిరిగి ఏమివ్వాలా అని ఆలోచించే మనిషి. ఆ సాయంత్రం ఆమె వచ్చి వసారాలో కూలబడింది.

"తమ్ముడూ, సంత పోతే నా బతుకేం గానురా? మీ ఇంటి మీద పడి తినలేను. రాజుగారి పక్కన నిలబడేవాడివి, ఒక్క మాట చెప్పలేవూ?" అంది.

ఇన్నేళ్ళూ అక్క పేరన్నను ఏదీ అడిగి ఎరగదు. మొదటిసారి అడిగింది, అదీ రాజుగారి నోటికి అడ్డు పడమని. సరేనని మాటయితే ఇచ్చాడు గాని రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు గురువారం. రాజుగారు భోజనం చేసి తాంబూలం వేసుకునే వేళ చూసి, సంత సంగతి మెల్లగా కదిపాడు. జనం పూసల కోసం అక్కర్లేనివి కొంటున్నారనీ, మిగిలిందనుకునేది నిజానికి పోయిందేననీ, సంత కూడా లేకపోతే అసలు ధర ఎంతో పోల్చుకునే దిక్కు ఉండదనీ చెప్పాడు.

రాజుగారు నవ్వారు. "పేరన్నా, జనం అంత వెర్రివాళ్ళనుకున్నావా? బుద్ధి ఉన్నవాడెవడైనా ఉచితంగా ఏదో వస్తుందని తనకు అక్కర్లేనిది తీసుకుంటాడా?"

"బుద్ధిమంతులే ఎక్కువ తీసుకుంటారు ప్రభూ."

"అయితే చూపించు. ఎవడో దారిన పోయే దానయ్యను పట్టుకొస్తే ఒప్పుకోం. ఈ రాజ్యంలోకెల్లా బుద్ధిమంతుడయిన వాణ్ణి చూపించాలి. మంగళవారం సభలోగా చూపిస్తే సంత జోలికి పోం. లేదా, అడపం వదిలేసి బతికినన్నాళ్ళూ అంగడి గుమ్మంలో కూర్చుని పూసలు గుచ్చు."

కొమ్మరసు కిసుక్కున నవ్వాడు. పేరన్న సరేనని దండం పెట్టి వెండి పెట్టె మూసుకున్నాడు.

శుక్రవారం ఉదయం పేరన్న కొలువుకు కొన్ని పట్టుతాళ్ళు తెచ్చాడు. రాజుగారి ఎదుటికి వెళ్ళి వినయంగా, రాత్రంతా ఆలోచించాక తన తప్పు తెలిసొచ్చిందనీ, ఏలినవారి పథకం అమోఘమనీ, తన తాంబూలానికీ అలాంటిదే పెట్టుకుంటాననీ మనవి చేశాడు. తాడు కట్టుకున్న కొలువువారికి, వేసుకున్న ఒక్కో తాంబూలానికీ ఒక్కో ముడి వేస్తాడు. నూరు ముడులు పడ్డవారికి బంగారు రేకు చుట్టిన చిలక ఒకటి ఉచితం. రాజుగారు మురిసిపోయి అనుమతి ఇచ్చారు.

ఇక్కడ ఆయనకు అనుమానం రావలసింది. రాలేదు. తాను బుద్ధిమంతుణ్ణనుకునేవాడికి అనుమానాలన్నీ ఎదుటివాళ్ళ మీదే వస్తాయి.

కొలువువారంతా ఎగబడి తాళ్ళు కట్టించుకున్నారు. అందరికంటే ముందు కొమ్మరసు. మధ్యాహ్నం భోజనమయ్యాక పేరన్న రాజుగారికి యథాప్రకారం చిలక అందించాడు. ఆయన నోట్లో వేసుకుని రెండుసార్లు నమిలి, ఆగిపోయారు.

"ఇదేమిటి, నోట్లో ఏమీ ఆనడం లేదు?"

"ఒక్క ఆకేనండి ప్రభూ. తాడున్నవారికి మూడాకులు, లేనివారికి ఒకటి. మహాంగడిలో రెండు ధరలున్నట్టే. ఏలినవారి పద్ధతిని ఏలినవారి దగ్గరే తప్పితే బాగుండదని."

రాజుగారికి కోపం రాబోయింది. కాని అది తన పద్ధతే కనక దాని మీద కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియలేదు. పక్కన చూస్తే కొమ్మరసు బుగ్గనిండా మూడాకుల చిలక పెట్టుకుని, ఏడు ముడులు పడ్డ తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు.

"మాకు తాడు లేదా?" అన్నారు రాజుగారు.

"తమరికెందుకు ప్రభూ? ఆకుతోటలూ తమవే, వక్కచెట్లూ తమవే. ఇదంతా మాబోటి వాళ్ళ ముచ్చట."

"మంత్రికి ఏడు ముడులు ఉండి మాకు ఒక్కటీ లేకపోవడం ఏం మర్యాద? కట్టు తాడు."

పేరన్న వద్దు వద్దంటూనే తాడు కట్టాడు. రాజుగారికి వెంటనే మూడాకుల చిలక దక్కింది. "చూశావా, తాడు కట్టుకోగానే రెండాకులు లాభం," అని ఆయన కొమ్మరసుతో గర్వంగా చెప్పుకున్నారు. కొమ్మరసు ఔనౌనన్నాడు.

ఉద్దండరాయలకు రోజుకు రెండే తాంబూలాలు అలవాటు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఆ సాయంత్రానికే పది దాటాయి. శనివారం నాడు తలంటు పోయించుకుంటూ కుంకుడు రసం కళ్ళలో పడుతుండగా ఒకటి వేసుకున్నారు. గుర్రం మీద ఒకటి, గుర్రం దిగుతూ ఒకటి. పూజలో గంట వాయిస్తూ మధ్యలో చెయ్యి చాపారు. ఆస్థాన వైద్యుడు సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందని చెప్పబోతే, నీకెన్ని ముడులు పడ్డాయని అడిగారు. పదకొండని తెలిశాక, అసూయతో చెప్తున్నాడని తేల్చేశారు.

మంత్రి ఊరుకునే రకమా? రాజుగారి కంటే వెనకబడకూడదు, ముందుకు వెళ్ళనూకూడదు. రాజుగారికి నలభై పడితే తనకు ముప్పైతొమ్మిది ఉండేలా చూసుకుంటూ, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నమిలాడు. సేనాపతి సైనికుల కవాతు చూస్తూ నమిలాడు. పురోహితుడు సంకల్పం చెప్పేటప్పుడు కూడా బుగ్గ ఖాళీ లేక, ఆ నాలుగు రోజులూ పెళ్ళిళ్ళకు ముహూర్తాలు లేవని చెప్పించాడు. మహారాణిగారు మాత్రం రాజుగారి పట్టుపంచెల మీది ఎర్రమరకలు చూసి, తన మందిరంలోకి రావద్దని కబురు పెట్టారు. దానికి ఆయన పెద్దగా నొచ్చుకోలేదు. అప్పటికి తొంభై దగ్గర పడింది మరి.

ఈ నాలుగు రోజులూ పేరన్నకు కంటిమీద కునుకు లేదు. ఆకులు తుడిచి తుడిచి వేళ్ళు వాచాయి. అంతకు మించిన భయం ఏమిటంటే, రాజుగారు ఏ క్షణానైనా విసుగెత్తి తాడు తెంపి పారేస్తే తన పని ముగిసినట్టే. అక్క పని కూడా ముగిసినట్టే. రాజుగారు ఒక్కోసారి నమలడం ఆపి దవడ నొక్కుకుంటుంటే పేరన్న చేతిలోని ఆకు అక్కడే ఆగిపోయేది. వెంటనే ఆయన ముడులు లెక్కపెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపేవారు.

మంగళవారం తెల్లవారింది. కోట బయట సంత మొదలైంది, అదే ఆఖరి సంత అని అమ్మేవాళ్ళంతా దిగులుగా ఉన్నారు. లోపల సభ నిండింది. ఉద్దండరాయలు సింహాసనం మీద కూర్చున్నారు. ఆజ్ఞ చెప్పడానికి నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. నోరంతా పొక్కిపోయి, నాలుక అప్పడంలా పొంగి, పెదవులు కదిలిస్తే కళ్ళవెంట నీళ్ళు వస్తున్నాయి.

రాజుగారు మంత్రి వైపు చూశారు, నువ్వైనా ఏదో ఒకటి చెప్పమన్నట్టు. కొమ్మరసు తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా తిప్పాడు. సేనాపతి వైపు చూస్తే అతను నోట్లో తడిగుడ్డ పెట్టుకుని ఉన్నాడు. పురోహితుడు అప్పటికే కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నట్టు నటిస్తున్నాడు. అంత పెద్ద సభలో నోరు పనిచేసేవాడు పేరన్న ఒక్కడే. కొలువువారి నోళ్ళు ఎర్రబరిచినవాడు తాను మాత్రం ఒక్క ఆకు ముట్టలేదు.

అతను ముందుకు వచ్చి దండం పెట్టాడు.

"ప్రభూ, పందెం గడువు ఈ పూటతో సరి. తమరు శ్రమపడి మాట్లాడనక్కర్లేదు, సైగ చేస్తే చాలు. తమరికి రోజుకు ఎన్ని తాంబూలాలు అలవాటు?"

రాజుగారు రెండు వేళ్ళు చూపించారు.

"ఈ నాలుగు రోజుల్లో వేసుకున్నవి?"

రాజుగారు తాడు ఎత్తి చూపించారు. తొంభైతొమ్మిది ముడులు. ఆ బాధలోనూ ఆయన ముఖంలో కాస్త గర్వం కనిపించింది.

"అన్నీ ఇష్టపడి వేసుకున్నారా?"

ఆయన కొంచెం ఆలోచించి తల అడ్డంగా ఊపారు. మరి ఎందుకు వేసుకున్నారని అడిగితే, పళ్ళెంలో తళతళలాడుతున్న బంగారు చిలకను వేలితో చూపించారు.

"ఆ బంగారం ఎవరిది ప్రభూ?"

రాజుగారు తన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆకులు ఎవరివంటే మళ్ళీ అక్కడే వేసుకున్నారు. వక్కలు ఎవరివంటే చెయ్యి తీయలేదు. పొక్కిన నోరు ఎవరిదని అడిగేసరికి ఆ చెయ్యి మెల్లగా పైకి వెళ్ళి పెదవి మీద ఆగింది.

"ఆఖరి మాట. తాడు కట్టుకున్నందుకు మూడాకులు దక్కాయని తమరు సంతోషించారు. తాళ్ళూ ముడులూ లేని రోజుల్లో, పోయిన నెలలో, నేను తమరికి ఎన్నాకులు పెట్టేవాణ్ణి?"

రాజుగారు ఒక వేలు ఎత్తారు. రెండోది ఎత్తారు. మూడోది లేస్తుండగా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. మూడు వేళ్ళూ అలాగే గాలిలో ఉంచి మంత్రి వైపు తిరిగారు. కొమ్మరసు నేల మీద ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతకసాగాడు.

పేరన్న మళ్ళీ దండం పెట్టి అన్నాడు.

"రాజ్యంలోకెల్లా బుద్ధిమంతుణ్ణి చూపించమన్నారు ప్రభూ. తమరికంటే బుద్ధిమంతుణ్ణి నేనెక్కడని వెతకను?"

ఉద్దండరాయలు ఎర్రగా చూశారు. ఈ మాటకు పేరన్న తల తీయించవచ్చు. కాని తీయించాలంటే తాను బుద్ధిమంతుణ్ణి కానని ముందు సభ ఎదుట ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పందెం ఓడిపోయినట్టు ఒప్పుకోవాలి. ఎటు తిరిగినా గోడే. కాసేపటికి ఆయన పొట్ట కదలడం మొదలైంది. తరవాత భుజాలు కదిలాయి. తరవాత మొత్తం మనిషే ఊగిపోతూ నవ్వారు. నవ్వితే నోరు మండింది, మండితే అబ్బా అన్నారు, అబ్బా అన్నది విని మళ్ళీ నవ్వు వచ్చింది. సభంతా నవ్వింది, సభంతా అబ్బా అంది.

పేరన్న అప్పటికే సిద్ధంగా ఉంచిన వెన్నగిన్నె అందించాడు. రాజుగారు నోటి నిండా వెన్న పెట్టుకుని, చల్లబడ్డాక, మొదటి మాటగా సంత ఉంటుందన్నారు. రెండో మాటగా మహాంగడిలో ఇకమీదట ఆప్తులకూ పరులకూ ఒకటే ధర అన్నారు. మూడో మాటగా, కొమ్మరసుకి ఇంకో రెండు ముడులే తక్కువ కనక అవి ఇప్పుడే అందరి ఎదుటా పూర్తి చేయాలన్నారు. మంత్రి కాళ్ళు పట్టుకున్నా ఆ మూడో ఆజ్ఞ మాత్రం సడలలేదు.

ఏం కావాలో కోరుకోమని రాజుగారు అడిగితే, పేరన్న ఒక్కసారి తనతో సంతకు రమ్మని కోరుకున్నాడు. రాజుగారికి ఆ పూట ఎవరేమన్నా సరే అనే ఉత్సాహంగా ఉంది. పల్లకీ వద్దని నడిచే బయల్దేరారు.

రాజుగారు రావడం చూసి సంతంతా లేచి నిలబడింది, చెంచమ్మ తప్ప. ఆమె అప్పుడే తక్కెడ పట్టుకుని ఉంది. మా అక్క ప్రభూ అంటూ పేరన్న ఆయన్ని నేరుగా ఆమె గంప దగ్గరికే తీసుకెళ్ళాడు. రాజుగారు పుట్టి బుద్ధెరిగాక కూరగాయను చేత్తో పట్టుకుని ఎరగరు. సరదాపడి వంకాయలు ఒక్కొక్కటే నొక్కి చూడసాగారు.

"నొక్కకు మారాజా, నలిగిపోతాయి," అంది చెంచమ్మ. "వీశెకు రెండు కాసులు. నీకైనా అంతే, నీ బంట్రోతుకైనా అంతే."

ఆమె వీశె తూచింది. తూచాక మరో రెండు వంకాయలు ఎత్తి పడేసింది. పైన గుప్పెడు కరివేపాకూ, రెండు పచ్చిమిరపకాయలూ వేసింది. రాజుగారు ఆశ్చర్యంగా చూశారు.

"ఇవి నేను అడగలేదే."

"కొసరు మారాజా."

"దీనికి ఎన్ని పూసలు కావాలి?"

"పూసలేంటి, నా మొహం. వంకాయ బాగుంటే వచ్చేవారం నువ్వే వస్తావు. పుచ్చుంటే బంగారు పూస గుచ్చినా రావు."

ఉద్దండరాయలు మళ్ళీ నవ్వారు. నోరు మండుతున్నా ఆపుకోలేకపోయారు. ఇంతటి మాట చెప్పే అక్కకు తగిన తమ్ముడివేనంటూ మెడలోని ముత్యాలహారం తీసి పేరన్న మెడలో వేశారు. సంతంతా జేజేలు పలికింది. రాజుగారు వంకాయల బుట్ట తానే చేత పట్టుకుని దర్జాగా వెనుదిరిగారు.

"హారం మా తమ్ముడికి సరే మారాజా, నా రెండు కాసులో?" అంది చెంచమ్మ వెనకనుంచి.

రాజుగారు నడుము తడుముకున్నారు. మొలలో కత్తి ఉంది గాని కాసు లేదు. రాజులు డబ్బు మోయరు కదా. పేరన్న రొంటిలోంచి రెండు కాసులు తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆమె వాటిని కళ్ళకద్దుకుని పైట కొంగున ముడేసుకుంది.

అలా గుమ్మిడిగిరిలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ చల్లగా బతికారు. బిళ్ళతో గాని, పూసతో గాని, ముడితో గాని పనిలేకుండా, కొన్నదానిమీద నిజంగా డబ్బు మిగుల్చుకున్నవారు ఆ రాజ్యం మొత్తంలో ఒక్క ఉద్దండరాయలుగారే.